‘లైన్ క్లియర్’: ఒక ఆంగ్ల పదబంధం తెలుగు ప్రయోగ చరిత్ర – ఇబ్రహీంపట్నం, కొండపల్లి పరిసరాల దృష్ట్యా

వ్యాససంగ్రహం

రైల్వే నిర్వహణ పరిభాషలో పుట్టిన ‘లైన్ క్లియర్’ అనే ఆంగ్ల పదబంధం తెలుగునాట మూడు రంగాలలో మూడు అర్థాలతో స్థిరపడింది. రైల్వేలో అది బండి ప్రవేశానికి ఇచ్చే అనుమతి. విద్యుత్ శాఖలో అది మనిషి తీగ మీద చేయి వేయడానికి ఇచ్చే అనుమతి. పత్రికా భాషలో అది ఆటంకం తొలగిపోయిందన్న వార్త. కొండపల్లి రైల్వే స్టేషను, ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కపక్కనే ఉన్న ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుని, ఈ పదబంధం పుట్టుకను, తెలుగు క్రియలతో దాని పొందికను, అర్థ పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు, తిరిగి అప్పగించడం అనే మూడు అంశాలు ఈ మాటకు ప్రాణమనీ, వాడుక విస్తరించే కొద్దీ అవి జారిపోయాయనీ, ఆ జారుడు పనిచేసే చోట ప్రాణాపాయానికి దారితీయగలదనీ ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: లైన్ క్లియర్, ఎల్సీ, బ్లాక్ పద్ధతి, అన్యదేశ్యాలు, అర్థ పరిణామం, వృత్తి పదజాలం, ఇబ్రహీంపట్నం, కొండపల్లి.

1. ఉపోద్ఘాతం

ఇబ్రహీంపట్నం కృష్ణా నది ఎడమ గట్టున, విజయవాడకు వాయవ్య దిశలో ఉన్న ఊరు. హైదరాబాదు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా సాగుతుంది. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే దానిలో కలుస్తుంది. ఊరికి ఆనుకొని బొమ్మలకూ కోటకూ పేరుపడిన కొండపల్లి. 2022 జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది.

ఈ పరిసరాల స్థలనామాలలో ఇంగ్లీషు మాటలు కొన్ని ఎంతగా ఇంకిపోయాయంటే, అవి పరాయి మాటలన్న స్పృహ కూడా వినేవారికి ఉండదు. ఇబ్రహీంపట్నంలో నది రేవును ‘ఫెర్రీ’ అంటారు. ఒకప్పుడు దాటించే పని పేరు, ఇప్పుడు ఆ చోటు పేరు. గోదావరి నీరు కృష్ణలో కలిసే చోటుకు ‘పవిత్ర సంగమం’ అన్న పేరు పెట్టిన తర్వాత కూడా ఫెర్రీ ఫెర్రీగానే ఉంది. రహదారులు కలిసే కూడలి ‘రింగ్ సెంటర్’. దిగువన విజయవాడలో కాలువల మీది ‘లాకులు’ ఇంటి గుర్తులుగా చెప్పుకునే చిరునామాలు. ఆనకట్ట, కాలువలు, రైలు, విద్యుత్ కేంద్రం – పెద్ద పని వచ్చినప్పుడల్లా డెల్టాలోకి దాని మాటలు కూడా వచ్చాయి.

ఇటువంటి మాటలను పట్టించుకున్న తొలి నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్. కచేరీలలో, వ్యాపారంలో తెలుగు వాక్యంలో కలిసిపోయిన హిందుస్తానీ, ఇంగ్లీషు తదితర పదాలను ఆయన ప్రత్యేకంగా ఏరి, మిశ్రభాషా నిఘంటువుగా 1854లో మద్రాసులో ప్రచురించాడు. దక్షిణ భారతంలో తొలి రైలు రాయపురం నుంచి వాలాజా వైపు కదిలింది 1856 జూలై 1న. అంటే రైలు మాటలు తెలుగులోకి రాకముందే బ్రౌన్ ఆ పుస్తకం మూసేశాడు. దానికి శతాబ్దం తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన మొదలైన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయంతో (1962) ఆరంభమై చేనేతను (1971) చేపట్టింది. తెలుగు కోశ రచనలో అది మలుపు. అయితే ఆ కృషికి ప్రేరణ కనుమరుగవుతున్న సంప్రదాయ వృత్తుల పదసంపదను భద్రపరచడం. బొగ్గు వ్యాగన్ల దగ్గర, సబ్‌స్టేషన్లలో, సిగ్నల్ క్యాబిన్లలో పనిచేసే తెలుగువారి మాటలు ‘వృత్తి పదాలు’గా కాక ‘ఇంగ్లీషు మాటలు’గా కనబడి పక్కన మిగిలిపోయాయి. ‘లైన్ క్లియర్’ అటువంటిదే. అందరికీ తెలిసిన మాట కాబట్టి దాని అర్థం వెతకాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

2. పదబంధం పుట్టుక

ఇంగ్లీషులో విశేషణం నామానికి ముందు వస్తుంది. కాబట్టి ‘క్లియర్ లైన్’ అనడం ఆ భాషకు సహజం. ‘లైన్ క్లియర్’ అనేది తిరగబడిన సమాసం కాదు, కుదించిన వాక్యం. లైను ఖాళీగా ఉంది అని చెప్పవలసిన చోట క్రియను తీసేసి రెండు మాటలు మిగల్చడం తంతి భాష లక్షణం. ఆ కుదింపు వెనుక ఒక యంత్రం, ఒక భయం ఉన్నాయి.

తొలినాటి రైళ్ళను కాలాంతరం మీద నడిపేవారు. ఒక బండి వెళ్ళిన ఇన్ని నిమిషాలకు మరొకటి వదలడం ఆ పద్ధతి. ముందు బండి దారిలో ఆగిపోతే వెనుక బండికి తెలిసే వీలు లేదు. లైనును భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక సమయంలో ఒకే బండి ఉండేలా తంతి సాయంతో చూడాలని విలియం ఫొదర్‌గిల్ కుక్ 1842లోనే వాదించాడు. అదే బ్లాక్ పద్ధతికి మూలం. రెండు స్టేషన్ల మధ్య సూచిక యంత్రాలు వచ్చాక వాటి ముఖం మీద మూడు స్థితులు రాశారు. లైను మూసి ఉంది, లైన్ క్లియర్, బండి లైను మీద ఉంది. మధ్యలో ఉన్న ఆ రెండు మాటలే తర్వాత నామంగా మారాయి.

మాట సరిగా చేరకపోతే ఏమవుతుందో 1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులోని నార్విచ్ సమీపాన థార్ప్ వద్ద రుజువైంది. ఒంటి లైను మీద ఎదురుగా వచ్చే బండిని పంపమని ఒక తంతి వెళ్ళింది. దాని మీద అధికారి సంతకం లేదు. పంపించినవారి ఉద్దేశం వేరు, అందుకున్నవారి గ్రహింపు వేరు. రెండు బండ్లూ ఒకే లైను మీదికి వచ్చి ఢీకొన్నాయి. 25 మంది చనిపోయారు. ఆ ఘటన తర్వాతనే ఎడ్వర్డ్ టయర్ 1878లో టాబ్లెట్ యంత్రాన్ని రూపొందించాడు. అనుమతి ఇక మాట మాత్రమే కాదు, డ్రైవరు చేతిలో ఉండే వస్తువు. ఆ వస్తువు తిరిగి యంత్రంలో పడేదాకా ఇంకొకటి బయటకు రాదు. 1889 జూన్‌లో ఐర్లండులోని ఆర్మా వద్ద కాలాంతర పద్ధతిలోనే నడుస్తున్న లైను మీద ఘోర ప్రమాదం జరిగాక, ప్రయాణికుల లైన్లన్నిటికీ బ్లాక్ పద్ధతిని తప్పనిసరి చేసే చట్టం అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చింది.

భారతీయ రైల్వేల సాధారణ నియమావళి (1976) ‘లైన్ క్లియర్’ను నిర్వచించిన తీరు భాషా విద్యార్థి గమనించదగినది. ఒక బ్లాక్ స్టేషను తన వెనుక స్టేషనుకు, బండిని తన వైపు వదలమని ఇచ్చే అనుమతి అని మొదటి సగం. ఒక బ్లాక్ స్టేషను తన ముందు స్టేషను నుంచి, బండిని అటు వదలడానికి పొందే అనుమతి అని రెండవ సగం. ఒకే మాటకు ఇవ్వడం, పొందడం అని రెండు నిర్వచనాలు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఇద్దరూ లేకుండా ఈ మాటకు అర్థమే లేదని నియమావళి చెప్పినట్టయింది.

‘క్లియర్’ అంటే ఖాళీ అని మాత్రమే కాదు. సంపూర్ణ బ్లాక్ పద్ధతిలో లైన్ క్లియర్ ఇవ్వాలంటే ముందు వెళ్ళిన బండి పూర్తిగా, చివరి పెట్టె గుర్తుతో సహా చేరి ఉండాలి. దాని వెనుక సిగ్నళ్ళు తిరిగి మూతపడి ఉండాలి. మొదటి స్టాప్ సిగ్నల్ వరకూ లైను ఖాళీగా ఉంటే చాలదు; దాన్ని దాటి కూడా కొంత దూరం ఖాళీగా ఉండాలి. పాత రెక్క సిగ్నళ్ళ చోట ఆ దూరం 400 మీటర్లు, బహుళ సూచక సిగ్నళ్ళ చోట 180 మీటర్లు. డ్రైవరు పొరబడి సిగ్నల్ దాటినా ప్రమాదం జరగకుండా ఆ జాగా. ఈ షరతులన్నీ ఆ రెండు మాటలలో ఇమిడి ఉన్నాయి.

3. కొండపల్లి మీదుగా

నైజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాదు వైపు నుంచి బెజవాడ చేరింది కూడా ఆ 1889లోనే. కాజీపేట, డోర్నకల్, ఖమ్మం మీదుగా వచ్చే ఆ లైను కొండపల్లి, రాయనపాడు దాటి బెజవాడలో ప్రవేశిస్తుంది. సింగరేణి బొగ్గుకు తూర్పు తీరం వైపు దారి అదే. మద్రాసు వైపు, కలకత్తా వైపు లైన్లు వచ్చి కలిశాక బెజవాడ పెద్ద జంక్షనుగా ఎదిగింది. రైలు ఉద్యోగం డెల్టా కుటుంబాలకు తరతరాల జీవనాధారమైంది.

ఒంటి లైను శాఖలలో డ్రైవరుకు అందించే టోకెన్ను పెద్ద వలయానికి కట్టిన తోలు సంచిలో పెట్టేవారు. బండి ఆగకుండానే ఒక చేత్తో పాత వలయాన్ని వదిలి, మరో చేత్తో కొత్తదాన్ని అందుకోవడం చాలామంది ప్రయాణికులు చూసిన దృశ్యం. యంత్రాలు పనిచేయనప్పుడు కాగితం మీద రాసి ఇచ్చేది లైన్ క్లియర్ టికెట్టు. ‘లైన్ క్లియర్ అడిగారు’, ‘లైన్ క్లియర్ ఇచ్చారు’, ‘లైన్ క్లియర్ తీసుకున్నాం’, ‘లైన్ క్లియర్ రాలేదు’ అన్నవి ఈ పని చుట్టూ తెలుగులో నిలబడిన వాక్యాలు.

ఇక్కడ తెలుగు చేసిన పని చిన్నది కాదు. ‘దారి ఖాళీ’, ‘ఇల్లు ఖాళీ’, ‘అతను మంచివాడు’ వంటి క్రియారహిత వాక్యాలు తెలుగుకు సహజం. ఇంగ్లీషులో తంతి కోసం క్రియను తీసేసి కుదించిన ‘లైన్ క్లియర్’, తెలుగు చెవికి కుదింపుగా వినబడనే లేదు. నిండు వాక్యంగానే వినిపించింది. ఈ పదబంధం అనువాదం లేకుండా స్థిరపడడానికి ఇది ఒక కారణం. రెండవ కారణం, దాన్ని నామంగా వాడినప్పుడు తెలుగులో ముందే సిద్ధంగా ఉన్న ఒక చట్రం. ‘సెలవు’ అనే మాటకు పాత అర్థం అనుమతి, ఆజ్ఞ. సెలవు అడగడం, సెలవు ఇవ్వడం, సెలవు పుచ్చుకోవడం అని దాని క్రియలు. ‘లైన్ క్లియర్’ అచ్చంగా ఆ క్రియలనే తీసుకుంది. కర్త, సంప్రదానం రెండూ స్పష్టంగా ఉండే చట్రం అది. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అన్నది వాక్యమే చెబుతుంది.

రైలు నుంచి తెలుగు పలుకుబడిలోకి వచ్చిన తక్కిన మాటలతో పోల్చితే ఈ మాట ప్రత్యేకత తెలుస్తుంది. ‘పచ్చజెండా ఊపడం’, ‘పట్టాలెక్కడం’, ‘పట్టాలు తప్పడం’ తెలుగు పదాలతో తిరిగి కట్టినవి. అవి కంటికి కనబడే వాటి మీద కట్టినవి. జెండాను, పట్టాను ప్లాట్‌ఫారం మీద నిలబడిన ఎవరైనా చూడగలరు. లైన్ క్లియర్ కనబడదు. అది స్టేషను గదిలో గంట మోత, సూచిక కదలిక. చూడనిదానికి ప్రజలు తమ మాటలతో పేరు పెట్టలేదు. లోపలివారు అన్న మాటనే తీసుకున్నారు.

మరో ముచ్చట. రైల్వేలో సిగ్నల్ ‘ఆఫ్’ అయిందంటే బండి వెళ్ళవచ్చునని, ‘ఆన్’లో ఉందంటే ఆగాలని అర్థం. పాత రెక్క సిగ్నల్ అడ్డంగా ఉన్నది ఆన్, కిందికి వాలినది ఆఫ్. తెలుగువారు దాన్ని ‘సిగ్నల్ పడింది’ అన్నారు. ఇంట్లో స్విచ్చు ఆఫ్ చేస్తే ఏదైనా ఆగుతుంది. రైల్వేలో ఆఫ్ చేస్తే కదులుతుంది. ఈ తలకిందుల సంబంధమే ‘లైన్ క్లియర్’ విషయంలోనూ ఎదురవుతుంది.

4. విద్యుత్ శాఖలో ‘ఎల్సీ’

ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 210 మెగావాట్ల తొలి యూనిట్లు 1979, 1980లలో మొదలయ్యాయి. 1990ల నాటికి అటువంటివి ఆరయ్యాయి. 2009లో 500 మెగావాట్ల యూనిట్, 2023 చివరలో 800 మెగావాట్ల యూనిట్ చేరాయి. రాష్ట్ర విద్యుత్ బోర్డుకు దీర్ఘకాలం నాయకత్వం వహించిన నార్ల తాతారావు పేరు దానికి పెట్టారు. అయినా చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ ‘వీటీపీఎస్’ అనేవారే ఎక్కువ. దానికి కృష్ణ నీరు, రైలు మీద వచ్చే బొగ్గు రెండూ కావాలి. బొగ్గు బండి కొండపల్లి వైపు నుంచి లోపలికి వస్తుంది. కరెంటు తీగల మీద బయటికి పోతుంది. ఒక గోడకు అటూ ఇటూ ‘లైన్’ అనే మాటకు రెండు అర్థాలు. ఒకచోట ఇనుప పట్టాలు, మరోచోట అల్యూమినియం తీగలు.

ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడినప్పుడు దాని విద్యుత్ యంత్రాంగం మద్రాసు ప్రభుత్వ విద్యుత్ శాఖ నుంచి విడివడి వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. తీగ మీద పని చేయడానికి సబ్‌స్టేషను నుంచి తీసుకునే అనుమతిని ఇక్కడ ‘లైన్ క్లియర్’ అంటారు, క్షేత్రంలో ‘ఎల్సీ’. తమిళనాడు, కర్ణాటక విద్యుత్ సంస్థలలోనూ ఈ పేరు వాడుకలో ఉంది. ఇతరత్రా ‘షట్‌డౌన్’, ‘పర్మిట్’ అన్న మాటలే ఎక్కువగా వినబడతాయి. ఈ విస్తృతిని బట్టి దక్షిణాది విద్యుత్ యంత్రాంగాలు పక్కనే పాతుకుపోయిన రైల్వే వాడుక నుంచి ఈ మాటను అందుకున్నాయని భావించడం సమంజసం. రెండు చోట్లా పరిస్థితి ఒకటే. ఒకరినొకరు చూడలేని ఇద్దరు, వారి మధ్య ఒక లైను, ఒకరి మాట మీద ఇంకొకరి ప్రాణం.

ఎల్సీ పద్ధతి ఇలా సాగుతుంది. లైన్ సిబ్బందిలో అధికారం ఉన్న వ్యక్తి ఫలానా ఫీడరు మీద పని ఉందని అడుగుతాడు. సబ్‌స్టేషను ఆపరేటరు ఆ ఫీడరు బ్రేకరు తీసి, కంటికి కనబడేలా తెగిన ఖాళీ ఉండే ఐసోలేటర్లు విప్పి, లైనును ఎర్త్ చేసి, మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు తగిలించి, సమయం నమోదు చేసి ఎల్సీ ఇస్తాడు. తీసుకున్న వ్యక్తి పనిచేసే చోట తీగలో కరెంటు లేదని పరీక్షించి, రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేస్తాడు. పని ముగిశాక రాడ్లు తీసి, మనుషులందరినీ దించి, ఎల్సీని తిరిగి అప్పగిస్తాడు. తీసుకున్న వ్యక్తే అప్పగించాలి. అప్పుడే ఆపరేటరు లైనును ఛార్జ్ చేయాలి.

క్రియల పరంగా రైల్వే చట్రమే ఇక్కడా ఉంది. అడగడం, ఇవ్వడం, తీసుకోవడం. దానికి తోడు ‘ఎల్సీ రిటర్న్ చేయడం’. రైల్వేలో బండి చేరిందన్న గంట, యంత్రంలోకి తిరిగి వెళ్ళే టోకెన్ చేసే పనినే ఇక్కడ రిటర్న్ చేస్తుంది. అర్థం మాత్రం తలకిందులైంది. రైల్వేలో లైన్ క్లియర్ ఇచ్చిన క్షణం నుంచి ఆ పట్టాలు మనిషికి ప్రమాదం. వేగంతో బండి రాబోతోంది. విద్యుత్ శాఖలో లైన్ క్లియర్ ఇచ్చిన క్షణం నుంచి ఆ తీగ మనిషికి క్షేమం, శక్తి ఆగిపోయింది. మొదటిదానిలో లైను బండి కోసం ఖాళీ అయింది, రెండవదానిలో మనిషి కోసం.

ఈ విరోధం పండితుల ఊహ కాదని చెప్పడానికి రైల్వేలోనే సాక్ష్యం ఉంది. 1980ల దశకంలో విజయవాడ చుట్టూ రైలు మార్గాలు విద్యుదీకరణ అయ్యాయి. పట్టాల పైన 25 కిలోవోల్టుల తీగ వచ్చింది. ఆ తీగ మీద పనిచేసేవారికీ కరెంటు నిలిపివేసి అనుమతి ఇవ్వాలి. పని స్వభావం పక్క విద్యుత్ శాఖ ఎల్సీ లాంటిదే. రైల్వే మాత్రం దాన్ని లైన్ క్లియర్ అనలేదు. ‘పవర్ బ్లాక్’, ‘పర్మిట్ టు వర్క్’ అంది. ఒకే స్టేషను మాస్టరు ముందు ఒకే మాట రెండు వ్యతిరేకార్థాలతో ఉండకూడదు. సంస్థలు వేరైనప్పుడు చెల్లిన ద్వంద్వార్థం సంస్థ ఒకటైనప్పుడు చెల్లలేదు. పైగా రైల్వే భాషలో ‘ఎల్సీ’ అంటే లెవల్ క్రాసింగ్. కొండపల్లి వార్తల పేజీలో ‘ఎల్సీ గేటు’ ఒక వార్తలో, ‘ఎల్సీ తీసుకోకుండా స్తంభమెక్కి’ మరో వార్తలో కనబడితే పాఠకుడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవలసిందే. బ్యాంకుల ఎల్సీ సంగతి సరే.

5. పత్రికలలో, మాటలలో

‘నియామకాలకు లైన్ క్లియర్’, ‘పంచాయతీ ఎన్నికలకు లైన్ క్లియర్’, ‘మంత్రి పదవికి లైన్ క్లియర్’ వంటి శీర్షికలు తెలుగు పత్రికలలో నిత్యం కనబడేవే. ఇంటి మాటల్లో అక్క పెళ్ళి కాగానే చెల్లెలితో ‘ఇక నీకు లైన్ క్లియర్’ అనే పరిహాసమూ ఉంది. ‘మార్గం సుగమం’ అనే సంస్కృత పదబంధం చేసే పనినే ఇది తక్కువ అక్షరాలలో చేస్తుంది. శీర్షిక రాసేవారికి అది ఎంత సుఖమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ప్రయోగాలలో క్రియ మారింది. ఇవ్వడం, తీసుకోవడం పోయి ‘అయింది’ ఒక్కటే మిగిలింది. శీర్షికలో అదీ ఉండదు. ‘పచ్చజెండా ఊపారు’ అన్నప్పుడు ఎవరు ఊపారో చెప్పక తప్పదు. ‘లైన్ క్లియర్’ అన్నప్పుడు ఆ బాధ్యత లేదు. న్యాయస్థానం స్టే ఎత్తివేస్తూ ‘తుది తీర్పుకు లోబడి’ అని షరతు పెట్టినా శీర్షికలో అది లైన్ క్లియరే. రైల్వే అర్థంలో ముందు స్టేషను ఒప్పుకోవాలి, ఒక్క బండికే ఒప్పుకుంటుంది, ఆ బండి చేరగానే అనుమతి ముగుస్తుంది. పత్రికా అర్థంలో ఒప్పుకున్నవారు లేరు, గడువు లేదు, ముగింపు లేదు. అనుమతి కాస్తా స్థితిగా మారింది. ‘లైను’ కూడా ఇక్కడ పట్టా కాదు, తీగ కాదు. బహుశా నిలబడే వరస, బహుశా వెళ్ళే దారి. ఏదైనా వాక్యం నడుస్తుంది.

అర్థవ్యాప్తి ఏ భాషకైనా సహజమే. దానిని తప్పుగా ఎంచనక్కరలేదు. ఉద్యోగార్థికి శీర్షిక ఇచ్చే ఆశ తర్వాత షరతుల దగ్గర సన్నగిల్లితే అది పత్రికా రచనకు సంబంధించిన విమర్శ. చూడవలసింది వేరొకటి ఉంది. పదబంధం పని చోటు నుంచి పత్రికకు వెళ్ళి అక్కడ సడలి, సడలిన అర్థంతో మళ్ళీ పని చోటుకు తిరిగి వస్తుంది. స్తంభమెక్కే యువకుడు ‘లైన్ క్లియర్’ అనే మాటను శాఖలో చేరకముందే ఇరవయ్యేళ్ళుగా విని ఉంటాడు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలతో పాటు పెద్దసంఖ్యలో వచ్చిన ఎనర్జీ అసిస్టెంట్లు ఆ తరంవారే. వారికి ఆ మాట ముందు తెలిసింది ‘అడ్డు తొలగింది’ అన్న అర్థంలో.

రైల్వే వైపు చూస్తే మరో విచిత్రం. స్వయంచాలక సిగ్నలింగ్ ఉన్న సెక్షన్లలో బండి బండికీ స్టేషను మాస్టరు లైన్ క్లియర్ అడగవలసిన పని లేదు. పట్టాల మీది పరికరాలే బండి ఉనికిని పసిగట్టి సిగ్నళ్ళను మారుస్తాయి. రద్దీ మార్గాలలో ఈ పద్ధతి విస్తరిస్తోంది. పుట్టిన చోట పలచబడుతున్న మాట, అరువు వెళ్ళిన రెండు చోట్ల బలంగా ఉంది.

6. ఒక ప్రశ్న, రెండు అర్థాలు

విద్యుత్ శాఖ లోపలే ఈ మాటకు ఇంకొక చీలిక ఉంది. ఎల్సీ అన్న పొట్టి రూపానికి అర్థం ఒకటే. అది పత్రం, అనుమతి. పూర్తి రూపాన్ని వాక్యంగా వాడినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. సెల్‌ఫోను వచ్చాక సబ్‌స్టేషనుకూ స్తంభానికీ మధ్య సంభాషణ చాలావరకు దాని మీదే నడుస్తోంది. గాలివాన వెలిసిన రాత్రి, పది చోట్ల తీగలు తెగి, ఊళ్ళ నుంచి ఫోన్లు వస్తుండగా ‘లైన్ క్లియరేనా?’ అన్న ప్రశ్న వినబడిందనుకుందాం.

స్తంభం కింద నిలబడినవాడు అడిగితే దాని అర్థం, కరెంటు తీశారా, ఎక్కవచ్చునా అని. సబ్‌స్టేషనులో కూర్చున్నవాడు అడిగితే దాని అర్థం, మనుషులు దిగారా, కరెంటు ఇవ్వవచ్చునా అని. మొదటి ప్రశ్నలో లైను క్లియర్ కావలసింది కరెంటు నుంచి. రెండవదానిలో మనుషుల నుంచి. అడిగిన మాట ఒక్కటే. ‘ఆ, క్లియర్’ అన్న జవాబూ ఒక్కటే. పని జరుగుతున్న తీగ గురించి కింద నిలబడిన సహాయకుడు ‘క్లియర్’ అన్నప్పుడు, ఎల్సీ అందింది, అంతా సక్రమంగా ఉంది అన్నది అతని ఉద్దేశం కావచ్చు. ఆపరేటరు దాన్ని రిటర్న్‌గా వింటే తీగలోకి కరెంటు వస్తుంది. థార్ప్ తంతిలో పంపినవారి ఉద్దేశానికీ అందుకున్నవారి గ్రహింపుకూ మధ్య ఏర్పడిన ఎడం ఇటువంటిదే. అక్కడ లోపించినది సంతకం. ఇక్కడ లోపించేది, తీసుకున్న వ్యక్తే తిరిగి ఇవ్వాలన్న నియమం.

తీగల మీద మరణాలన్నిటికీ మాటే కారణం అనలేం. ఒక ఫీడరుకు ఎల్సీ తీసుకుని అదే స్తంభాల మీద ఉన్న మరో ఫీడరును మరవడం, ఇళ్ళ జనరేటర్ల నుంచి కరెంటు వెనక్కి రావడం, ఎర్త్ రాడ్లు వేయకపోవడం, ఎల్సీ ఒకరి పేర ఉండి పని కాంట్రాక్టు కూలీ చేయడం – ఇవన్నీ తెలిసిన కారణాలు. కానీ చివరిదానిలో భాష పాత్ర కూడా ఉంది. కాంట్రాక్టు కూలీకి ‘ఎల్సీ ఉందా?’ అని అడిగే అధికారం కాగితం మీద లేదు. అతనికి అందేది మేస్త్రీ నోట ‘లైన్ క్లియర్, ఎక్కు’ అన్న మాట మాత్రమే. అది పత్రికా శీర్షికలోని లైన్ క్లియరే. ఇచ్చినవారి పేరు లేదు, సమయం లేదు, ఫీడరు పేరు లేదు.

శాస్త్ర సాంకేతిక పదాలకు తెలుగు సమానార్థకాలు కూర్చేవారు ఈ మాట దగ్గరకు వస్తే ‘విద్యుత్ నిలుపుదల అనుమతి’ వంటి సమాసం తట్టడం సహజం. అది కరెంటు ఆగడాన్ని చెబుతుంది. తిరిగి అప్పగించేదాకా ఇవ్వబోమన్న హామీని చెప్పదు. పైగా స్తంభం మీద పలకడానికి పనికిరాదు. వాడుకలో ‘ఎల్సీ’ని కదిలించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. అడగడానికి, ఇవ్వడానికి, తీసుకోవడానికి, రిటర్న్ చేయడానికి ఆ నామం చక్కగా సరిపోతోంది. చిక్కల్లా దాన్ని విప్పి ప్రశ్నగా వాడడంలో ఉంది. ఆ ప్రశ్నకు తెలుగులో సందిగ్ధం లేని వాక్యాలు లైన్ సిబ్బంది నోటనే ఉన్నాయి. ‘కరెంటు తీశారా?’ అన్నది ఒకటి. ‘మనుషులు దిగారా, రాడ్లు తీశారా?’ అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు చెప్పవలసినవాడు ఆపరేటరు. రెండవదానికి జవాబు చెప్పవలసినవాడు ఎల్సీ తీసుకున్నవాడు. ఒకరికి వేసిన ప్రశ్నకు మరొకరు జవాబు చెప్పే వీలు ఆ వాక్యాలలో లేదు. శాఖ శిక్షణ తరగతులలో బ్రేకరు, ఐసోలేటరు, ఎర్త్ రాడ్డు గురించి చెప్పేచోట ఫోనులో ఏ వాక్యం పలకాలో కూడా చెబితే, ఆ పాఠానికి కావలసిన తెలుగు ఇప్పటికే స్తంభాల కింద సిద్ధంగా ఉంది.